గాలికి ఎదురెళ్లే తెల్ల రెక్కలు

లింగంపల్లిలో ఎంఎంటీఎస్ రైలెక్కి సికింద్రాబాద్ వైపు వెళ్తున్నారనుకోండి. బేగంపేట దాటాక సంజీవయ్య పార్కు స్టేషన్ వస్తుంది. అక్కడ కుడివైపు కిటికీ దగ్గర సీటు దొరికినవాళ్లు అదృష్టవంతులు. జూలై నెలైతే మరీనూ. హుస్సేన్‌సాగర్ మీద కొంగల గుంపు వాలినట్టు తెల్లతెల్లని తెరచాపలు! అవి ఓసారి ఇటు ఒరుగుతాయి, ఓసారి అటు ఒరుగుతాయి. పడిపోయాయేమో అనుకునేలోపు మళ్లీ లేచి నిలబడతాయి.

ఆ రైల్లో పటాన్‌చెరు, రామచంద్రాపురం వైపు నుంచి వచ్చినవాళ్లూ ఉంటారు. రాత్రి షిఫ్టు ముగించుకుని, చుట్టాలింటికో ఆస్పత్రికో బయల్దేరినవాళ్లు. ‘ఎవరో పెద్దింటి పిల్లలు ఆడుకుంటున్నట్టున్నారు’ అనుకుని కళ్లు మూసుకుంటారు. ఆ అనుకోవడంలో తప్పేమీ లేదు. చాలాకాలం పాటు అదే నిజం. కానీ ఇప్పుడు ఆ పడవల్లో తాడు పట్టుకుని కూర్చునేవాళ్లలో బస్తీ పిల్లలున్నారు. సర్కారు బడి పిల్లలున్నారు. పడవ ఎక్కేనాటికి ఈత కూడా రానివాళ్లున్నారు. ‘యాచింగ్’ అనే మాటే అప్పటిదాకా విననివాళ్లున్నారు.

ఆ రైలు కిటికీకీ ఆ తెరచాపకూ మధ్య దూరం కొన్ని వందల గజాలే. దాటడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది.

చెరువంటే భయం!

పటాన్‌చెరు... పేరులోనే చెరువుంది. సాకి చెరువు, ఇస్నాపూర్ చెరువు, గండిగూడెం చెరువు, కాస్త అవతలికెళ్తే సంగారెడ్డి మహబూబ్‌సాగర్. నీళ్లకు కొదవలేని ప్రాంతం. అయినా ఇక్కడి తల్లులు పిల్లలకు మొదట నేర్పే పాఠాల్లో ఒకటి, ‘‘చెరువు కాడికి పోకు బిడ్డా’’ అని. పిల్లాడు మునిగిపోతాడేమోనన్న భయం ఏ ఊళ్లోనైనా ఉండేదే. ఈ పారిశ్రామికవాడలో దానికి ఇంకో భయం తోడైంది. ఆ నీళ్లు ఒంటికి తగిలితే ఏమవుతుందో!

ఆ భయం ఊరికే పుట్టలేదు. ఈ ప్రాంతపు ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగులో కలిసి, అక్కణ్నుంచి మంజీరకు చేరుతున్నాయని 1990లోనే సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2017 అక్టోబరులో గండిగూడెం చెరువులో చేపలు కుప్పలుకుప్పలుగా చచ్చి తేలాయి. ఒడ్డున తెల్లగా మెరుస్తున్న ఆ చేపల ఫొటోలు పేపర్లలో చూసిన తల్లి, కొడుకును చెరువులోకి పంపిస్తుందా?

అలా ఓ తరం పిల్లలకు నీళ్లంటే ట్యాంకరు, బోరు, బిందె మాత్రమే అయ్యాయి. ఆటంటే క్రికెట్టే. ఖాళీ ప్లాటు, మూడు కట్టెలు, ఓ టెన్నిస్ బంతి ఉంటే చాలు. పడవ పందేలంటే టీవీలో కేరళ వాళ్లవి చూడాల్సిందే. తెరచాప కట్టుకుని గాలితో పందెం వేసే ఆట ఒకటి ఉందనీ, అది ముప్పై కిలోమీటర్ల దూరంలోనే జరుగుతోందనీ ఎవరు చెబుతారు?

హుస్సేన్‌సాగర్ మాత్రం ఏమంత శుభ్రం అంటారా? నిజమే. 16వ శతాబ్దంలో ఇబ్రహీం కుతుబ్‌షా హయాంలో తవ్వించిన చెరువది. ఒకప్పుడు నగరానికి తాగునీరిచ్చింది. ఆ తర్వాత కూకట్‌పల్లి నాలా దారిన బాలానగర్, జీడిమెట్ల ఫ్యాక్టరీల మురుగంతా మోసింది. ఎండాకాలంలో నెక్లెస్ రోడ్డు మీద ముక్కు మూసుకోనివాళ్లు తక్కువ. పడవ నడిపేవాళ్లు రోజూ ఆ నీళ్లలోనే పడి లేస్తారు. నగరవాసులు కారు అద్దాలు ఎక్కించుకుని దాటేసే చెరువును దగ్గరగా, రోజూ చూసేది వాళ్లే. ఏ మూల గుర్రపుడెక్క పెరిగిందో, ఏ నాలా దగ్గర నురగ ఎక్కువైందో వాళ్లను అడిగితే చెబుతారు.

ఫౌజీల ఆట

ఈ చెరువులోకి తెరచాప పడవలు మొన్నీమధ్య వచ్చినవేం కావు. సికింద్రాబాద్ అంటేనే కంటోన్మెంటు కదా! తిరుమలగిరిలో సైన్యం వాళ్ల ఈఎంఈ కేంద్రం ఉంది. ఫిరంగులూ వాహనాలూ బాగుచేసే విభాగం అది. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ విభాగం వాళ్లే ఇక్కడ సెయిలింగ్‌ను నిలబెట్టారు. ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ పేరుతో హుస్సేన్‌సాగర్ ఒడ్డున పడవలు దించారు. 1980ల నుంచి ‘హైదరాబాద్ సెయిలింగ్ వీక్’ జరుగుతోంది. దేశం నలుమూలల నుంచీ నావికాదళం వాళ్లు, సైన్యం వాళ్లు వచ్చి పోటీపడతారు. సికింద్రాబాద్ క్లబ్బు సభ్యులకూ ఇదే ఒడ్డున సెయిలింగ్ వసతి ఉంది.

పోటీలన్నీ వానాకాలంలోనే ఎందుకంటే గాలి కోసం. జూన్‌లో రుతుపవనాలు రాగానే పడమటి గాలి మొదలవుతుంది. జూలై, ఆగస్టుల్లో చెరువు నిండా అలలే. సముద్రంలో గాలి ఓ పద్ధతిగా వీస్తుంది. ఇక్కడలా కాదు. చుట్టూ భవనాలు, మధ్యలో బుద్ధుడు, ఓ పక్క పార్కు చెట్లు. గాలి ఓ సందులోంచి దూసుకొస్తుంది, ఇంకో మేడ వెనక ఆగిపోతుంది. సముద్రంలో ఆరితేరినవాళ్లు కూడా ఇక్కడ తికమకపడాల్సిందే. ఇక్కడ నేర్చుకున్న పిల్లలకు అది వెన్నతో పెట్టిన విద్య!

అయితే యూనిఫామ్ అయినా ఉండాలి, క్లబ్బు మెంబర్‌షిప్ అయినా ఉండాలి. మామూలు ఇంటి పిల్లాడికి ఆ గేటు తెరుచుకునేది కాదు.

2009లో సుహేమ్ షేక్ ‘యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్’ పెట్టారు. ఆయన సైనికుడు కాదు. సాఫ్ట్‌వేర్ రంగం నుంచి వచ్చిన మనిషి. పడవల మోజు పుట్టిన చాలామంది ఏం చేస్తారు? ఓ పడవ కొనుక్కుంటారు, ఆదివారాలు తిరుగుతారు, ఫొటోలు దిగుతారు. ఆయన ఆ మోజును క్లబ్బుగా మార్చారు. క్లబ్బు గేటును రసూల్‌పుర వైపు తెరిచారు. రసూల్‌పుర అక్కడికి దూరమేం కాదు. విమానాల చప్పుడు తప్ప వేరే ఆకాశం తెలియని ఇరుకు బస్తీ. అక్కడి ఉద్భవ్ స్కూలు పిల్లలు, ఆ తర్వాత మరికొన్ని బడుల పిల్లలు, హోముల్లో ఉండే ఆడపిల్లలు ఒడ్డుకొచ్చారు. ఆడపిల్లల కోసం ‘నావిక’ అనే కార్యక్రమం నడిచింది. ఏటా జూలైలో ఈ క్లబ్బు నిర్వహించే ‘మాన్‌సూన్ రెగట్టా’కు ఇప్పుడు ఎన్నో రాష్ట్రాల పిల్లలు పడవలతో సహా దిగుతున్నారు.

చెప్పుకోవడానికి నాలుగు వాక్యాలే. కానీ ఆ పిల్లల తల్లుల ముందు కూర్చుని, ‘‘అమ్మా, మీ అమ్మాయిని హుస్సేన్‌సాగర్‌లో పడవ మీద ఒంటరిగా పంపిస్తాం’’ అని చెప్పి ఒప్పించడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. హుస్సేన్‌సాగర్ అనగానే సగటు హైదరాబాదీకి ఏం గుర్తొస్తుంది? వినాయక నిమజ్జనం, 1990లో తరలిస్తుండగా నీళ్లలో పడిపోయిన బుద్ధ విగ్రహం, ఎవరో దూకారన్న వార్త. అలాంటి చోటుకి పిల్లను ఆటకు పంపమంటే ఏ తల్లి ఊ అంటుంది?

ఎదురుగాలికి ఎదురెలా?

పిల్లలు మొదట ఎక్కేది ‘ఆప్టిమిస్ట్’ అనే బుల్లి పడవ. ముక్కు దగ్గర కోసేసినట్టు చదరంగా ఉంటుంది. చూస్తే పెద్ద స్నానాల తొట్టిలా అనిపిస్తుంది. పొడవు రెండుంబావు మీటర్ల పైచిలుకు, బరువు 35 కిలోలు. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన దీన్ని తయారుచేశాడు. ఖరీదైన పడవలు కొనలేని పిల్లల కోసం ప్లైవుడ్ చెక్కలతో చేసిన డబ్బా అది. ఇవాళ ప్రపంచమంతా పదిహేనేళ్లలోపు పిల్లలు దీంట్లోనే అక్షరాభ్యాసం చేస్తున్నారు. ఒలింపిక్స్‌కు వెళ్లిన పడవ వీరుల్లో ఎందరో ఈ డబ్బాలోంచి వచ్చినవాళ్లే.

పడవలో ఉండేవి మూడే. గాలి పట్టే తెరచాప, దారి తిప్పే చుక్కాని, పడవ మధ్యలోంచి నీళ్లలోకి దిగే ఓ పలక. కొత్తవాళ్లు తెరచాపనే చూస్తారు. అసలు కిటుకు ఆ పలకలో ఉంది. గాలి పడవను పక్కకు నెడుతుంటే, నీళ్లలోని పలక ‘పక్కకు పోనివ్వను’ అని అడ్డుపడుతుంది. ఆ రెండింటి పెనుగులాటలో పడవకు ముందుకు పోవడం తప్ప గత్యంతరం ఉండదు. తడి చింతగింజను రెండు వేళ్లతో గట్టిగా నొక్కితే ముందుకు జారిపోతుంది చూడండీ, అలాగన్నమాట!

మన భాషలో ‘గాలివాటం మనిషి’ అంటే తిట్టు. ఎటు గాలి వీస్తే అటు పోయేవాడని. తెరచాప పడవ గురించి కూడా చాలామంది అలాగే అనుకుంటారు, గాలి ఎటు తోస్తే అటు పోతుందని. కాదు. అది ఎదురుగాలిలోకీ పోగలదు. కాకపోతే తిన్నగా పోలేదు. గాలికి సుమారు నలభై అయిదు డిగ్రీల కోణంలో కుడివైపు కాస్త దూరం, మళ్లీ మలుపు తిప్పి ఎడమవైపు కాస్త దూరం... పాము పాకినట్టు పోతుంది. ఘాట్‌రోడ్డు మీద బస్సు ఎక్కినట్టు. ఎక్కడ మలుపు తిప్పాలన్నదే పందెం. తొందరపడి తిప్పితే గమ్యం అందదు. ఆలస్యంగా తిప్పితే పక్కవాడు ఎప్పుడో దాటిపోయి ఉంటాడు.

ఎవరికైనా మొదటివారం అయ్యేది మాత్రం ఒకటే. పడవ బోల్తా! అది ప్రమాదం కాదు, పాఠం. శిక్షకులే కావాలని బోల్తా కొట్టిస్తారు. లైఫ్ జాకెట్ ఉంటుంది కాబట్టి మునగరు. ఈదుకుంటూ చుట్టూ తిరిగొచ్చి, నీళ్లలోంచి పైకి తేలిన ఆ పలక మీద నిలబడి, అంచు పట్టుకుని వెనక్కి వాలితే పడవ మెల్లగా లేస్తుంది. లోపల నిండిన నీటిని తోడి పోయాలి. అక్కడ ఏడుపొస్తుంది. ముక్కులోకి నీళ్లు పోతాయి. ఇంటికెళ్లిపోదామనిపిస్తుంది. కానీ ఒడ్డు దూరం. పడవే దగ్గర. తోడక తప్పదు. రెండోసారి బోల్తా పడినప్పుడు ఏడుపు రాదు.

పందెం మొదలయ్యే తీరు ఇంకా తమాషా. ఇక్కడ అందరూ ఒక గీత మీద ఆగి నిలబడరు. నీళ్ల మీద ఆగడం ఎలా కుదురుతుంది? ప్రారంభానికి అయిదు నిమిషాల ముందు జెండా లేస్తుంది. నాలుగు నిమిషాలకు ఇంకోటి. ఒక్క నిమిషం ఉందనగా అది దిగుతుంది. ఈలోపు పడవలన్నీ ఊహాగీత వెనక గింగిరాలు తిరుగుతూ, ఒకదాన్నొకటి రాసుకుంటూ, సరిగ్గా సున్నాకి గీత దగ్గర ఉండాలని చూస్తాయి. ఒక్క సెకను ముందు దాటినా మళ్లీ వెనక్కి రావాల్సిందే. ఆర్టీసీ బస్టాండులో పండగ ముందురోజు బస్సు వచ్చినప్పుడు ఎలా ఉంటుందో అలా ఉంటుంది ఆ చివరి నిమిషం!

ఇందులో అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఒకటుంది. క్రికెట్‌లోలా ప్రతి తప్పుకూ వేలెత్తడానికి పక్కనే అంపైరుండడు. గాలి కుడిపక్క నుంచి తగులుతున్న పడవకు, ఎడమపక్క నుంచి తగులుతున్న పడవ దారి ఇవ్వాలి. ఇవ్వకుండా అడ్డొస్తే, తప్పు చేసినవాళ్లే ఒప్పుకుని, అక్కడికక్కడే తమ పడవను గుండ్రంగా రెండు చుట్లు తిప్పుకోవాలి. అదే శిక్ష. ఎవరూ వచ్చి తిప్పించరు. ఒప్పుకోకపోతే అవతలివాళ్లు ‘ప్రొటెస్ట్’ అని కేకేస్తారు. సాయంత్రం ఒడ్డున పంచాయతీ. పన్నెండేళ్ల పిల్లలు టేబుల్ మీద బొమ్మ పడవలు జరుపుతూ, ‘సార్, నేనిక్కడ ఉన్నా, గాలి ఇటునుంచి’ అని వాదిస్తారు. ఇంట్లో గ్లాసు పగలగొట్టి పిల్లి మీదికి నెట్టేసే పిల్లలేనా వీళ్లు అనిపిస్తుంది.

పాయింట్ల లెక్క కూడా తిరకాసే. మొదట వచ్చినవాళ్లకు ఒకటి, పదో స్థానంలో వస్తే పది. అన్ని పందేలూ అయ్యాక ఎవరికి తక్కువుంటే వాళ్లే విజేత.

ఒడ్డు మీది పని

పడవ నడపడం ఒక ఎత్తు. పడవల క్లబ్బు నడపడం ఇంకో ఎత్తు. పేరుకు ప్రెసిడెంటు, సెక్రటరీ. చేసేది మాత్రం అన్ని పనులూ. తెల్లారకముందే గాలి ఎటుందో చూసుకోవాలి. నీళ్లలో తేలే గుర్తుల్ని ఎక్కడ లంగరు వేయాలో తేల్చుకోవాలి. పందెం మధ్యలో గాలి మళ్లితే వాటిని మార్చాలి. రక్షణ పడవలో పెట్రోలుందా, ఇంజను స్టార్టవుతుందా చూసుకోవాలి. పెద్దగాలి లేస్తే పందెం ఆపేయాలి. అప్పటిదాకా ముందున్న పిల్లాడి మొహం చూడలేరు. అయినా ఆపేయాలి. సాయంత్రం లెక్కపెట్టాలి, ఎన్ని పడవలు వెళ్లాయి, ఎన్ని తిరిగొచ్చాయి అని. ఆ లెక్క సరిపోయేదాకా ఆ మనిషి ఒడ్డు వదలకూడదు.

ఆపైన చిరిగిన తెరచాపలు, పగిలిన అంచులు, తాళ్ల ఖర్చు, అనుమతుల ఫైళ్లు. బస్తీ పిల్లల క్లబ్బుకైతే ఇంకా ఉన్నాయి. పదో తరగతి పరీక్షలొస్తే ‘ఇంక పడవలొద్దు’ అనే నాన్నలు, పెళ్లి సంబంధాలు చూడడం మొదలుపెట్టే మేనమామలు. పడవలో ఎదురుగాలికి మలుపు తిప్పడం నేర్పగలరు. వీటికి ఏ మలుపు తిప్పాలో ఏ పుస్తకంలోనూ లేదు.

అయినా తిప్పినవాళ్లున్నారు. హుస్సేన్‌సాగర్‌లో నేర్చుకున్న ప్రీతి కొంగర 2023లో చైనాలో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో సుధాంశు శేఖర్‌తో కలిసి ‘470’ మిక్స్‌డ్ విభాగంలో దేశం తరఫున దిగింది. ఇద్దరు నడిపే పడవ అది. పొడవు 470 సెంటీమీటర్లు కాబట్టి ఆ పేరు. పతకం రాలేదు. ఆ క్రీడల్లో సెయిలింగ్‌లో మనకు మూడు పతకాలొచ్చాయి. వాటిలో రజతం తెచ్చిన నేహా ఠాకూర్‌ది మధ్యప్రదేశ్‌లోని దేవాస్. అదీ సముద్రమెరుగని ఊరే! ఆ అమ్మాయి నేర్చుకున్నది భోపాల్ చెరువులో.

అంతకుముందే మన తెలుగమ్మాయిలు భూగోళమే చుట్టొచ్చారు. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ‘తారిణి’ అనే తెరచాప నౌకలో ఆరుగురు నేవీ అధికారిణులు బయల్దేరారు. అందులో హైదరాబాద్ అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి, విశాఖ అమ్మాయి స్వాతి పాతర్లపల్లి ఉన్నారు. ఫ్రీమాంటిల్, లిటిల్‌టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్ మీదుగా 21,600 నాటికల్ మైళ్లు తిరిగి, 2018 మే 21న మళ్లీ గోవా చేరారు. మధ్యలో పసిఫిక్‌లో తుపాను గాలుల్నీ, కొండల్లాంటి అలల్నీ దాటారు. పుట్టింటి నుంచి అత్తింటికి వెళ్లాలంటే తోడు కావాలనే ఇళ్లున్న చోటు నుంచే వీళ్లూ వెళ్లారు.

మంజీర ఏమంటోంది?

మరి సంగారెడ్డి, పటాన్‌చెరుల మాటేమిటి? ఇక్కడ ఆ క్లబ్బూ లేదు, ఆ తెరచాపా లేదు. మంజీర మీద సింగూరు ఉంది. సముద్రంలా కనిపించే నీళ్లు. కానీ అవి హైదరాబాద్ తాగే నీళ్లు. కాస్త దిగువన మంజీర అభయారణ్యం, దాన్నిండా మొసళ్లు. అక్కడ బోల్తా పాఠం చెప్పడానికి ఏ శిక్షకుడూ ఒప్పుకోడు లెండి! పుట్టి వేసుకుని చేపలు పట్టే గంగపుత్రులకు మాత్రం ఈ నీళ్ల పోకడ అంతా తెలుసు. గాలి ఎప్పుడు లేస్తుందో, ఎటు తిరుగుతుందో మబ్బును చూసి చెబుతారు. గుండ్రటి పుట్టిని ఒక్క తెడ్డుతో తిన్నగా నడపడం ఏ తెరచాప పడవకన్నా తేలికేం కాదు. ఆ విద్యకు మెడళ్లు లేవు, అంతే.

ఇక చెరువులు. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి ప్లాంటు నీళ్లను అంబర్‌పేట వైపు పంపడానికి 18 కిలోమీటర్ల పైపులైను వేశారు. హుస్సేన్‌సాగర్‌లోకి మురుగు రాకుండా మళ్లించిన నాలా నీళ్లూ అటే పోతాయి. అంటే పారిశ్రామికవాడ మురికి, నగరం మురికి చివరికి ఒకే గూటికి చేరుతున్నాయి. రెండు చెరువుల కథా ఒకటే అన్నమాట. తేడా ఒక్కటి. హుస్సేన్‌సాగర్ మీద రోజూ పిల్లలు పడవలేసుకుని తిరుగుతున్నారు కాబట్టి, నీళ్లు కంపు కొట్టిన రోజున అడిగేవాళ్లున్నారు. గండిగూడెం చెరువులో ఎవరూ దిగరు. చేపలు చచ్చి తేలితే తప్ప దాన్ని ఎవరూ పట్టించుకోరు.

పటాన్‌చెరు నుంచి ఓ పిల్లాడు ఆదివారం హుస్సేన్‌సాగర్‌కు రావాలంటే బస్సెక్కి లింగంపల్లి, అక్కణ్నుంచి రైలు. వాళ్లమ్మ ఒప్పుకుంటేనే. మొదటి రోజు ఆవిడ కూడా వెంట వస్తుంది. టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని ఒడ్డున కూర్చుంటుంది. కొడుకు పడవ ఏదో ఆ గుంపులో ఆవిడకు తెలియదు. అన్నీ తెల్లగానే ఉంటాయి కదా. ఒక పడవ బోల్తా పడగానే లేచి నిలబడుతుంది.

ఆ పడవ లేస్తుంది. పిల్లాడు లోపలికి ఎక్కి నీళ్లు తోడడం మొదలుపెడతాడు. ఆప్టిమిస్ట్ పడవలో నీళ్లు తోడేందుకు ఎక్కడైనా పిల్లలు వాడేది సగానికి కోసిన ప్లాస్టిక్ డబ్బా. పోకుండా దాన్ని తాడుతో పడవకు కట్టుకుంటారు. అలాంటి డబ్బాలు పటాన్‌చెరులో ఇంటికొకటి ఉంటాయి, ట్యాంకరు వచ్చినప్పుడు నీళ్లు పట్టుకోవడానికి.